ఎడంచేతి పిల్లాడు

మా ఆయన నెమ్మదస్తులు. ముక్కుమీద కోపమంతా నా వంతుకే వచ్చింది. ఆయన గొంతు పెంచి మాట్లాడగా నేను విన్నది శనివారాల్లోనే, అదీ మాకేమీ కాని ఒక కుర్రాడి గురించే.

ఎనభైల మొదట్లో మేం డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో ఉండేవాళ్లం. ఆయన కార్ల కంపెనీలో ఇంజినీరు. ఎమ్మెస్ చదివింది ఆ రాష్ట్రంలోనే, పెద్ద ఫుట్‌బాల్ జట్టున్న యూనివర్సిటీలో. ఇక్కడి ఫుట్‌బాల్ కాలితో తన్నేది కాదు, బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తేది. చదువుకునే పిల్లలు ఆడే ఆ ఆట కోసం ఊళ్లకు ఊళ్లు శనివారం పనులు మానుకుని కూర్చుంటాయి. కొత్తలో నాకు అదంతా పిచ్చిగా తోచేది. రెండు చలికాలాలు గడిచేసరికి ఆ పిచ్చి నాకూ పట్టింది.

ఆయనతో పాటు చదివి, అదే కంపెనీలో చేరిన వరంగల్ మిత్రుడు ఒకతను ఉండేవాడు. ఇంకా పెళ్లి కాలేదు. శనివారం భోజనం మా ఇంట్లోనే. నన్ను వదినా అని పిలుస్తూ, నేను చేసిన దోసకాయ పప్పు మూడోసారి వడ్డించుకుంటూ, మా ఆయనతో వాదన పెట్టుకునేవాడు. అన్ని ఆటలూ టీవీలో వచ్చేవి కావు. రానినాడు బేస్‌మెంట్‌లో రేడియో చుట్టూ కూర్చునేవాళ్లం. బొమ్మ కనబడకపోతే వాళ్ల వాదన ఇంకా ఎక్కువయ్యేది.

ఆ ఏడు వాదనంతా క్వార్టర్‌బ్యాక్ మీద. ప్రతిసారీ బంతి ముందు అందేది అతని చేతికే. ఎవరికి ఇవ్వాలో, ఎవరికి విసరాలో కళ్లు మూసి తెరిచేలోగా తేల్చుకోవాల్సినవాడు అతను. పాత క్వార్టర్‌బ్యాక్ మోకాలు దెబ్బతిని బయట కూర్చుంటే, మొదటి ఏడాది కుర్రాడిని దింపారు. పిల్లాడు పొడుగ్గా, బక్కగా ఉండేవాడు. పైగా ఎడంచేతివాడు.

"రాసిపెట్టుకో అన్నా. రెండేండ్లల్ల ఈ పోరడు దేశంల నంబర్ వన్ అయితడు," అనేవాడు వరంగల్ మిత్రుడు.

"అవడు. వాడికి కాపలా కాసే లైన్ మొత్తం కుడిచేతివాడి కోసం డిజైన్ చేసింది. వీడి వీపు వెనక నుంచి వచ్చేవాణ్ణి ఎవడాపుతాడు?"

"రైట్ సైడోడు ఆపుతడు. మంచోణ్ణి గా దిక్కుకు మారిస్తే అయిపాయె."

"బంతి కూడా ఉల్టా తిరుగుతోంది. క్యాచ్ చేసేవాళ్లకి అలవాటు లేదు, జారిపోతోంది."

"అలవాటైతది తియ్యి."

"చిన్నప్పుడే ఎవరో ఒకరు చెయ్యి మార్పించాల్సింది. ఇప్పుడు టూ లేట్," అని మా ఆయన కుర్చీ చేతిమీద గుద్దేవారు. బ్రేకుల గురించి బాసుతో గొడవపడ్డప్పుడు కూడా ఆయన అంత కోపంగా మాట్లాడలేదు.

నేను వరంగల్ పక్షం. నాకు ఆట తెలిసి కాదు. మా అమ్మాయి కూడా ఎడంచేతిదే.

దానికప్పుడు అయిదో ఏడు. క్రేయాన్లు ఎడంచేత్తో పట్టుకుని ఊదారంగు ఇళ్లూ, పచ్చటి సూర్యుళ్లూ గీస్తుండేది. ఫ్రిజ్ మీద ఖాళీ లేకుండా అంటించేదాన్ని. వేసవిలో గుంటూరు నుంచి మా అత్తగారు వచ్చేవరకూ అది ఏ చేత్తో గీస్తోందో మా ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు.

అత్తగారు చెడ్డావిడ అయితే నాకు పని తేలికయ్యేది. పోట్లాడి పారేసేదాన్ని. ఆవిడేమో మనవరాలికి జడలు వేసి, ముద్దలు కలిపిపెట్టి, తన పక్కలోనే పడుకోబెట్టుకునేది. అంత ప్రేమగానూ, దాని ఎడంచేతిలో స్పూను కుడిచేతిలోకి మార్చేది. "తప్పు తల్లీ, అది మంచి చెయ్యి కాదు," అనేది. క్రేయానూ అంతే, పలహారమూ అంతే. ఎవరింటికైనా వెళ్తే ఎడంచేత్తో ప్రసాదం అందుకుంటుందేమోనని దాని మణికట్టు పట్టుకునే కూర్చునేది.

"అత్తయ్యా, ఇక్కడ స్కూల్లో ఎవరూ పట్టించుకోరు. దాన్ని అలా వదిలెయ్యండి," అని ఒకసారి మెల్లగా చెప్పాను. రెండోసారి అంత మెల్లగా చెప్పలేదు.

"స్కూలు కాదే. రేపు విజయదశమికి అక్షరాభ్యాసం చెయ్యాలి. మొట్టమొదటి అక్షరం ఎడంచేత్తో దిద్దుతుందా? వింటేనే బాగోలేదు."

మా ఆయన్ని అడిగితే, "అమ్మ మంచికే చెబుతోంది. అదే నేర్చుకుంటుందిలే," అన్నారు. ఆ మాటకు నేను ఆ రోజంతా పలకలేదు. ఆయన గమనించారో లేదో కూడా తెలియదు. అది శనివారం.

సెప్టెంబర్ చివరికొచ్చేసరికి అమ్మాయి తన ఎడంచేతి మీద కూర్చోవడం మొదలుపెట్టింది. తొడ కింద పెట్టుకుని, దాని మీద బరువు వేసి కూర్చునేది. బొమ్మలు గీయడం మానేసింది. నేను స్నానం చేయిస్తుంటే, ఆ చెయ్యి నీళ్లలోంచి పైకెత్తి, "మమ్మీ, ఈజ్ దిస్ వన్ బ్యాడ్?" అని అడిగింది. కాదమ్మా, రెండూ మంచివే అన్నాను. నా మాట నమ్మినట్టు కనబడలేదు. నానమ్మ మాట మీద దానికి అంత గురి.

ఇక మా అత్తగారు ఫుట్‌బాల్‌లోకి ఎలా వచ్చిందో చెప్పాలి. శనివారాలు బేస్‌మెంట్ సోఫాలో కూర్చుని దీపానికి వత్తులు చేసుకుంటూ, ఆ కేకలు విని నవ్వుకునేది. ఒకరోజు టీవీలో ఆట వస్తోంది. ఉన్నట్టుండి దూది పక్కన పెట్టింది.

"ఏరా, ఆ పిల్లాడు ఎడంచేత్తో విసురుతున్నాడేంటి? వాళ్లమ్మ చూసుకోలేదా?"

వరంగల్ మిత్రుడు నవ్వు ఆపుకోలేక నేలమీద కూలబడ్డాడు. "అన్న కూడ గదే అంటుండు అమ్మా. పోరడు పనికిరాడంట."

"పనికిరాడని నువ్వెలా చెబుతావురా? పాపం, ఆ లావుపాటి వాళ్లందరూ మీదపడుతుంటే ఎలా నిలబడ్డాడో చూడు. తిండి కూడా సరిగా పెడుతున్నట్టు లేరు."

అంతే, ఆవిడకు ఆ పిల్లాడి మీద జాలి పుట్టింది. తరవాతి శనివారానికి ఆ జాలి అభిమానమైంది. వంటింట్లోంచే, "ఎడంచేతి పిల్లాణ్ణి దింపారా?" అని కేకవేసేది. అతను మంచి పాస్ వేస్తే చప్పట్లు కొట్టేది. బంతి అవతలివాళ్ల చేతుల్లో పడితే, "పట్టుకోవడం చేతకాని వెధవలు," అని మిగతా జట్టును తిట్టేది. మా ఆయన లెక్కలు చెప్పబోతే, "ఊరుకో, చిన్నపిల్లాడు, నేర్చుకుంటాడు," అని నోరు మూయించేది. నాకు ఒకపక్క ఆనందం, ఇంకోపక్క ఒళ్లుమంట. టీవీలోవాడి ఎడంచెయ్యి ముద్దు, ఇంట్లోదాని ఎడంచెయ్యి తప్పూనా! నోటిదాకా వచ్చేది. ఆవిడ చప్పట్లు చూసి మింగేసేదాన్ని.

దసరా వచ్చింది. ఇక్కడ మన పండగలన్నీ శనాదివారాల్లోనే వస్తాయి, పంచాంగం ఏం చెప్పినా సరే. విజయదశమి వారం మధ్యలో పడితే శనివారానికి జరిపాం. అత్తగారు రెండు రోజులు గొణిగి, తను తెచ్చుకున్న పంచాంగం తిరగేసి, ఆ రోజు కూడా మంచిదే, పొద్దు నడిమింట ఉన్న వేళకి దిద్దిద్దాం అంది. మగవాళ్లిద్దరూ మొహాలు చూసుకున్నారు. మిట్టమధ్యాహ్నం అంటే పన్నెండు. ఆట ఒంటిగంటకి, అదీ టీవీలో. ఇంతకంటే మంచి ముహూర్తం లేదన్నారు.

ఆ శనివారం పులిహోర, బూరెలు, సేమ్యా పాయసం చేశాను. టీవీ బేస్‌మెంట్‌లోనే ఉంది కాబట్టి పీట కూడా అక్కడే వేశారు. పళ్లెంలో బియ్యం పోసి, పసుపు గణపతిని చేసి, అన్నీ సిద్ధం చేశాం. పన్నెండు అయింది. అత్తగారు పెరట్లోకి వెళ్లి బట్టలారేసే తీగ గుంజ నీడ చూసి వచ్చింది.

"ఇంకా పొద్దు నడిమింటికి రాలేదురా. నీడ ఇంకా వాలే ఉంది."

"పన్నెండు అయింది కదమ్మా," అన్నారు మా ఆయన.

వరంగల్ మిత్రుడు నెత్తిమీద చెయ్యి పెట్టుకున్నాడు. "అన్నా, సమ్మర్ టైమ్! గడియారం గంట ముందలికి జరిపినం గదా. సూర్యునికేమెరుక? ఒంటిగంట దాటినంకనే ఆయన నడుమకు వచ్చేది."

ఇద్దరు ఇంజినీర్లు! నేను నవ్వలేక చచ్చాను. అత్తగారు ముహూర్తం కదపనంది. వరంగల్ మిత్రుడు దీనంగా, "టీవీ మ్యూట్‌ల పెడ్త అమ్మా," అన్నాడు. "పెట్టు. ఆ ఎడంచేతి పిల్లాడు కూడా సరస్వతి బిడ్డే, చదువుకుంటున్నాడుగా," అంది ఆవిడ.

అలా ఒంటిగంట దాటాక, ఒకపక్క గణపతి, ఒకపక్క చప్పుడు లేని టీవీ. మా ఆయన పట్టుపంచెతో పీటమీద కూర్చుని అమ్మాయిని ఒళ్లో పెట్టుకున్నారు. అది పట్టులంగాలో బొమ్మలా ఉంది. మొహం మాత్రం నల్లగా పెట్టుకుంది. కుడిచేతిని చంకలో దాచుకుంది. ఎడంచెయ్యి ఎప్పటిలాగే తొడ కింద ఉంది.

"కుడిచెయ్యి ఇవ్వు బంగారం. డాడీ రాయిస్తారు," అంది అత్తగారు.

ఇవ్వలేదు. మా ఆయన మెల్లగా లాగబోయారు. ఇంకా గట్టిగా బిగించింది. ఇక నా నోరు లేవబోతోంది. పండగపూట, దేవుడి ఎదుట, ఏమైతే అదవుతుందని లేచి నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే టీవీలో ఎడంచేతి పిల్లాడు బంతి విసిరాడు. పాస్ అందింది. అలవాటు కొద్దీ అత్తగారు చప్పట్లు కొట్టింది.

అమ్మాయి టీవీ వంక చూసింది, నానమ్మ వంక చూసింది.

"నానమ్మా, ఆ అబ్బాయి ఈ హ్యాండ్‌తో త్రో చేస్తే నువ్వు క్లాప్ చేస్తావ్. నాకు ఎందుకు నో చెప్తావ్?"

ఏడవకుండా అడిగింది. నిజంగా తెలియక అడిగింది. నేను చెప్పదలుచుకున్నదంతా అందులోనే ఉంది. నేను మళ్లీ కూర్చున్నాను.

అత్తగారు మనవరాలి వంక కాకుండా కొడుకు వంక చూసింది.

"నీకొక్కదానికే కాదమ్మా. మీ డాడీకీ చెప్పాను. వాడిదీ ఇదే చెయ్యి. గుడ్డపీలికతో నడుముకి కట్టేసేదాన్ని. ఏడ్చి ఏడ్చి మార్చుకున్నాడు. మంచిపనే చేశాననుకున్నా."

అయిదారేళ్లు కాపురం చేశాను, నాకా సంగతే తెలియదు. మా ఆయన తల ఎత్తలేదు. ఆ కుర్రాడి మీద ఆయన ఎందుకంతగా ఒంటికాలిమీద లేచేవారో అప్పటికి అర్థమైంది. ఎడంచేతివాడు ఎడంచేత్తోనే గెలిస్తే, తను పడ్డ ఏడుపంతా దేనికి? అంత మంచి మనిషిని శనివారాలన్నీ ఆటపట్టించానే అనుకున్నాను.

"ముహూర్తం దాటిపోతోంది," అంది అత్తగారు. ముందుకు వంగి, అమ్మాయి తొడ కింద నుంచి ఎడంచేతిని తనే బయటికి తీసింది. నొక్కుకుని ఎర్రబడిన వేళ్లను తన కొంగుతో తుడిచి, పళ్లెంలో బియ్యం మీద పెట్టింది. "రాయించరా."

ఆయన తన చెయ్యి దాని చెయ్యి మీద వేశారు. ఓం రాయించారు, తరవాత అ. రెండో అ దగ్గర అమ్మాయి, "ఐ కెన్ డూ ఇట్ డాడీ," అని ఆయన చెయ్యి తోసేసి తనే దిద్దింది. తోక కొంచెం పొడుగైంది. వరంగల్ మిత్రుడు రెండు చేతులూ పైకెత్తి "టచ్‌డౌన్!" అని అరిచాడు. అందరం చప్పట్లు కొట్టాం. వెనకాల టీవీలో కూడా ఎవరో నిజంగా బంతిని చివరి గీత దాటించి టచ్‌డౌన్ చేశారట. అది చూడలేదని అతను నాతో ఇప్పటికీ వాపోతాడు.

అమ్మాయి అరచేత్తో బియ్యం చదును చేసి, పళ్లెం తండ్రి ముందుకు జరిపింది.

"నౌ డాడీ రాయాలి. దిస్ హ్యాండ్."

ఆయన నవ్వి తల అడ్డంగా ఊపారు. అది వదల్లేదు. చివరికి ఎడమ చూపుడువేలు బియ్యం మీద పెట్టి, అలాగే ఆగిపోయి తల్లి వంక చూశారు. అంతటి మనిషీ, ఆవిడ ఎక్కడ కసురుతుందోనన్నట్టు చూశారు.

అత్తగారు ఆయన పక్కనే నేలమీద చతికిలబడి, భుజం మీద చెయ్యి వేసింది.

"రాయరా నాన్నా," అంది. "ఎవరూ ఏమీ అనరులే."