పాటలో విడిచిపెట్టిన పేరు

గంజి పులిస్తే ఒక వాసన వస్తుంది. పోయిన నెల మా వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర నిలబడి ఉండగా ఆ వాసన తగిలింది. బట్టలు తీసుకోకుండానే ఇంటికి వచ్చేశాను. రంగమ్మక్క గురించి రాయాలని చాలా ఏళ్లుగా అనుకుంటూ, ఏదో ఒక వంకతో తప్పించుకుంటూ వచ్చాను. ఆమెను ఎరిగినవాళ్లు ఇప్పుడు ఎవరైనా మిగిలారో లేదో తెలియదు.

డెబ్బైల చివర్లో నేను తిరువళ్లూరులో ఉంటూ ఒక తెలుగు దినపత్రికకు వార్తలు పంపేవాణ్ణి. మాది వెంగల్ అనే పల్లె. వరి తెలుసు గాని మగ్గం తెలియదు. ఆడి కృత్తిక పండక్కి భక్తులు మోసుకొచ్చే మొక్కు కావళ్ల గురించి రాయడానికి తిరుత్తణి వెళ్లినప్పుడు, తెల్లవారే వేళ టీ కోసం తిరుగుతూ మగ్గాల వీధిలోకి వెళ్లాను. వీధి పొడవునా, మగ్గానికి ఎక్కించాల్సిన పడుగు సాచి ఉంది. వందల నూలుపోగులు, నడుము ఎత్తున, గాలికి చిన్నగా ఊగుతున్నాయి. అటు నలుగురు, ఇటు నలుగురు గంజి పట్టించి కుంచెలతో దువ్వుతున్నారు. ఒక కొస పట్టుకుని వీధి పెద్ద నిలబడి ఉన్నాడు. అందరి అడుగులూ కలవడానికి ఒక పాట. ముందు పాడుతున్నది రంగమ్మక్క. యాభై దాటిన మనిషి. భర్త పోయాక ఆయన మగ్గం తానే నేస్తోంది.

ఊగే పడుగే ఉయ్యాలంట
ఉత్తరపు గాలే జోలంట
పట్టిన కొస వదలొద్దన్నాడే...

అక్కడ గొంతులన్నీ ఒక్కసారి ఆగాయి. కుంచెల చప్పుడు మాత్రం వినిపించింది. ఆ తర్వాత, 'చుట్టేలోగా నిద్దరపోయెనంట' అని అందరూ అందుకున్నారు. రెండోసారి పాడినప్పుడూ అంతే.

"అక్కా, ఆడ ఒక మాట మరిచిపోయినట్టుండారే" అన్నాను.

"మరిచిపొయ్యేదానికి మేమేమన్నా పేపరోళ్లమా?" అంది. అందరూ నవ్వారు. "జరుగు తమ్ముడా, నీ నీడ పడుగు మీద పడతా ఉండాది. గంజి ఒకే తీరుగా ఆరొద్దా?"

ఆ తర్వాత రెండేళ్లపాటు, తిరుత్తణిలో ఏ పని పడినా ఆమె ఇంటికి వెళ్లేవాణ్ణి. రాట్నం మీద కండెలు చుడుతూ ఒక్కొక్క పాట వెనక ఉన్న మనిషిని చెప్పేది. గాజుల పాటలోని గాజులవాడు పక్క ఊరు కనకమ్మ సత్రంలో అంగడి పెట్టుకున్న నిజమైన మనిషే. నవ్వుతూ పాడే వియ్యపురాలి పాట, నవ్వే రాని ఒక ఆడమనిషి కట్టిందట. నేను నోటుపుస్తకం తీస్తే రాట్నం ఆపేసేది. "ముందు విను. రాసుకునేది అప్పురం. రాసుకుంటా వింటే నీ చెయ్యి వింటాది, నువ్వు వినవు." ఆఫీసులో నాకు త్వరగా రాయడం నేర్పారు. వినడం నేర్పింది ఆమె. నాకు వచ్చిందనే అనుకున్నాను.

ఆ ఆగే చోటు గురించి ఎన్నిసార్లు అడిగినా మాట మార్చేది. ఒక వానాకాలం మధ్యాహ్నం, ఎందుకో తానే చెప్పింది. ఆమె కొత్తగా కాపురానికి వచ్చిన రోజులట. వీధిలో పడుగు సాచి ఉంది, గంజి పెట్టారు, మబ్బు కమ్ముకొస్తోంది. తడిస్తే నెల పని నీళ్లపాలు. ఒక కొస పట్టుకుని, పసిబిడ్డ తల్లి, ఒక చిన్నది ఉంది. ఆ చిన్నదాని బిడ్డ ఇంట్లో జ్వరంతో ఏడుస్తోంది. పోయి చూసొస్తానంటే, అవతలి కొస పట్టుకున్న మొగుడు వదలొద్దన్నాడు. పడుగు ఆరి, చుట్టి, లోపలికి చేర్చేటప్పటికి ఏడుపు ఆగిపోయి ఉంది. వారం తిరక్కుండా ఆ చిన్నది కొండ దిక్కుగా నడిచిపోయింది, మళ్లీ రాలేదు. వీధిలో మిగిలినవాళ్లు ఈ జోల కట్టుకున్నారు. ఆ మొగుడే వీధి పెద్ద. ఆ కొస ఈనాటికీ రోజూ ఆయనే పట్టుకుంటాడు. ఆయన ఎదురుగానే పాడతారు, ఆయన పేరు దగ్గర ఆగుతారు.

"ఇది నీ చెవికి చెప్పినా. పేపరుకు కాదు" అంది.

నేను రాశాను. పేరు లేని కథనం పంపితే 'ఎవరు?' అని ఆఫీసు నుంచి తిరిగి వస్తుందని తెలుసు. ఆ వీధి పెద్ద పేరు పెట్టాను. ఆ వీధి పిల్లలకు తమిళమే గాని తెలుగు చదవడం రాదు, ఎవరు చూస్తారులే అని కూడా అనుకున్నాను. టీకొట్టుకు ఒక తెలుగు పేపరు వస్తుందనీ, దాన్ని రోజూ పైకి చదివి వినిపించేది ఆ పెద్దాయనేననీ నాకు తెలియదు. ఆ రోజు కూడా ఆయనే చదివాడట, తన పేరు వచ్చేదాకా. తర్వాత పేపరు మడిచి బల్ల మీద పెట్టి, వీధిలోకి వచ్చి ఎప్పటిలాగే కొస పట్టుకున్నాడట. ఎవరూ పాడలేదు. ఆ పాట మళ్లీ పాడనే లేదు.

నాకు ఈ సంగతి తెలిసి వెళ్లేటప్పటికి నెల దాటింది. రంగమ్మక్క గడపలో కూర్చుని ఉంది. లోపల మగ్గం ఖాళీగా ఉంది.

"నా పడుగుకు ఒక్క చెయ్యి రాలా" అంది. "ఎనిమిది మంది లేంది పడుగెట్లా సాచేది? పెద్దాయన రెండో పెండ్లాం కొడుకులు ఎవుర్నీ రానియ్యలా."

"తప్పయిపోయిందక్కా. ఆయన చేసింది..."

"ఆయన చేసిందా?" నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. "ఆ పొద్దు కొస పట్టుకునింది ఆయనొక్కడేనా? ఎనిమిది మందిమి ఉంటిమి. నేనుంటి. ఏడుపు నాకూ ఇనబడింది. నా కుంచె నేను కింద పెట్టలా. ఆ ఆగే చోట ఒక్క పేరే ఉండాదనుకుంటివా? మేమందరం ఉంటిమి దాంట్లో. నువ్వొక్క పేరు రాసి మా అందర్నీ తీసేస్తివి. ఇంక ఏం పెట్టుకోని పాడేది?"

జేబులోని నోటుపుస్తకాన్ని ఇంకా లోపలికి తోశాను.

"పో తమ్ముడా, బస్సుకు పొద్దుపోతా ఉండాది" అంది.

ఎనభైల్లో ఆ వీధిలోకి పవర్‌లూములు వచ్చాయి. ఆమె ఒక షెడ్డులో కండెలు చుట్టే పనికి కుదిరింది. ఒకసారి వెళ్లాను. ఆ మోతలో నేనేమన్నానో ఆమెకు వినపడలేదు, ఆమె దగ్గరికి రమ్మని పిలవనూ లేదు. తర్వాత ఒక ఏడు, ఆమె పోయిందని, పోయిన మూడు నెలలకు, బస్సులో ఎవరో చెబితే తెలిసింది.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఆ వృత్తిలోనే ఉన్నాను. ఆ పెద్దాయన పేరు నేను మళ్లీ ఎక్కడా రాయలేదు; అది ఇప్పుడు ఎవరికీ ఉపయోగపడదు. రంగమ్మక్క ఆ మధ్యాహ్నం చెప్పిన ప్రతి మాటా నాకు గుర్తుంది. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నీ అడిగాను. కొండ దిక్కుగా వెళ్లిపోయిన ఆ తల్లి పేరు కూడా అడిగి తెలుసుకున్నాను. అది జోలపాట అని తెలిసి కూడా, ఆ బిడ్డ పేరేమిటని అడగలేదు. ఇప్పుడు అడుగుదామన్నా చెప్పేవాళ్లు లేరు.