అన్నీ వీపులే

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. మా చిత్రకారుడి సంతాపసభలో ఆ కళ్ళు చేటలంతయ్యాయి. బతికుండగా ధర్నా టెంటు దగ్గర అతన్ని చూసి రోడ్డు దాటి పోయినవాళ్ళే మైకు వదల్లేదు. నాకు ఒళ్ళు మండింది. ఆ సభలోనే ఎవరో కొత్త మనిషి నా పక్కకొచ్చి, "ఆయన బొమ్మలు ఎక్కడున్నాయండీ?" అని ఆరా తీశాడు.

మా చిత్రకారుడు సాయిబు, మాది గోదావరి జిల్లా. అయినా నన్ను బావా అనేవాడు. రేవు దగ్గర పాత ఊళ్ళో ఇల్లు. పడవల మీద పేర్లు, దుకాణాలకు బోర్డులు రాసి బతికినవాడు. ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోయింది. ఆ కసితోనో ఏమో, నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు దించేశాక ఏరుకొచ్చి, వాటి వెనకవైపు మా సమ్మెలనీ, భూములు పోయిన నిర్వాసితుల ధర్నాలనీ గీసేవాడు. స్టీల్ ప్లాంటులో డ్యూటీ దిగి నేను టెంటుకెళ్ళేసరికి జనం వెనక కూర్చుని ఉండేవాడు. గీసినవన్నీ వీపులే. జడలు, భుజాల మీద తువ్వాళ్ళు, చెమటకు అంటుకుపోయిన చొక్కాలు.

"ముఖం గీయడం రాదని ఒప్పుకో" అని ఏడిపించేవాణ్ణి.

"రాదు బావా. నీ ముకం సూసి నేర్సుకుందామంటే బయమేత్తంది" అనేవాడు.

సభ అయ్యాక కొన్నాళ్ళకు ఆ కొత్త మనిషి చిత్రకారుడి ఇంటికి వస్తున్నాడని తెలిసి, నేనూ ఉక్కునగరంలో బస్సెక్కాను. అనుమానం పెనుభూతమంటారు. ఆ భూతాన్ని వెంటబెట్టుకునే వెళ్ళాను. ధర్నా కేసులు ఇంకా కోర్టులో నలుగుతున్నాయి. పోలీసులకు పేర్లు దొరకనివాళ్ళు చాలామంది ఆ బొమ్మల్లో ఉన్నారు. నాలుగిళ్ళలో పాచిపని చేసుకు బతికే ఆడవాళ్ళూ ఉన్నారు. ఒక్క పేరు బయటికొస్తే వాళ్ళ బతుకు కోర్టు మెట్ల మీదే తెల్లారుతుంది.

ఆ బొమ్మలతో ప్రదర్శన పెడతానన్నాడు ఆ పెద్దమనిషి. రంగుల గురించి మాత్రం ఒక్క ముక్క అడగలేదు. ఫోన్‌లో ఫొటోలు తీసుకుంటూ, "ఈమె ఎవరండీ? ఈయనది ఏ ఊరు? ఇప్పుడెక్కడ ఉంటున్నారు?" అంటాడు. బొమ్మలు చూసేవాడికి చిరునామాలెందుకు? నేను తెలీదంటే తెలీదంటూ కూర్చున్నాను. చిత్రకారుడి భార్య, అతని వరసన నాకు చెల్లెలు, ఎక్కడ నోరు జారుతుందోనని ఆమె వంకే చూస్తున్నాను.

చివరికి ఆ పెద్దమనిషికే విసుగొచ్చి, "ఇన్ని బొమ్మల్లో ఒక్క ముఖం కూడా గీయలేదేంటండీ?" అన్నాడు.

"ముకాలు ఆయనకి గుర్తేనండి" అంది చెల్లెమ్మ, టీ కప్పులు తీస్తూ. "గీత్తే మీకూ గుర్తుంటాయని గియ్యలేదు."

నాతో కూడా చెప్పలేదు వెధవ! నన్నూ నమ్మలేదేమోనని ఒక్క క్షణం కోపమొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. మంచిపని చేశాడు.

ఆ వచ్చినవాడు నిజంగా బొమ్మల మనిషో కాదో ఇప్పటికీ నాకు తెలియదు. వెళ్ళేముందు మా ఇద్దర్నీ బొమ్మల ముందు నిలబడమని ఫోనెత్తాడు.

"రా అన్నయ్యా, తీసుకోనీ" అని చెల్లెమ్మ కప్పులు కింద పెట్టి, గోడవైపు తిరిగి నిలబడింది.

నేనూ లేచి ఆమె పక్కనే గోడవైపు తిరిగి నిలబడ్డాను.