భుజాన వేసిన తడిబట్ట

మా ఆయన చేతికి నాడి అందదు. గుండెకు సాయంగా లోపల పెట్టిన పంపు రక్తాన్ని ఆపకుండా తోస్తూనే ఉంటుంది కాబట్టి, కొట్టుకోవడం తెలియదు. పెడనలో మా వీధి ఆరెంపీ డాక్టరుగారు ఓసారి మణికట్టు పట్టుకుని బిక్కమొహం వేశారు. అప్పట్లో ఇద్దరం నవ్వుకున్నాం.

పంపు నుంచి ఒక తీగ పొట్టలోంచి బయటికొచ్చి, భుజాన వేలాడే బ్యాటరీల సంచిలోకి వెళ్తుంది. అది బయటికొచ్చే చోటు తడవకూడదు. రోజూ మాస్కు పెట్టుకుని నేనే కట్టు మార్చేదాన్ని. ఆ పని ఇంకొకరికి ఇచ్చేదాన్ని కాదు.

ముప్పయ్యేళ్లు కాలవలో నడుముల్లోతున నిలబడి కలంకారీ బట్టలు జాడించిన మనిషి ఆయన. నీళ్లలో దిగనని మాటిచ్చాడు, నిలబెట్టుకున్నాడు. గట్టున కుర్చీలో కూర్చుని, కాలవలో ఉన్న నాకు పని చెప్పేవాడు.

ఆ రోజు కూలివాళ్లు రాలేదు. పిండిన బట్టల్ని వెంటనే పరచకపోతే ఒకదాని నలుపు ఇంకోదానికి అంటుకుంటుంది.

"ఒకటి నా భుజాన వెయ్యి" అన్నాడు.

"సంచి ఉంది కదండీ."

"రెండోది ఖాళీయేగా."

ఎన్నేళ్ల అలవాటో, ఆలోచించకుండా ఎత్తి వేశాను. సాయంత్రం చొక్కా విప్పితే కట్టు తడిసి ముద్దయింది. నా బుద్ధి మండిపోను, కొత్త కట్టు కట్టి ఊరుకున్నాను. నాలుగో రోజుకి చీము, జ్వరం.

విజయవాడ ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది. "కట్టు ఎలా తడిసిందమ్మా?"

నేను నోరు తెరిచేలోపే ఆయన, "చెమటండీ" అన్నాడు. నేను తలొంచుకున్నాను.

చీము తీగ వెంట పంపుదాకా పాకితే చాలా కష్టమట. 

ఇవాళ ఆయన ఛాతీకి చెవి ఆనించాను. సన్నగా మోత వినిపిస్తోంది. అది ఆగకుండా ఉంటే చాలు, నాకింకేమీ వద్దు.

"బట్ట సంగతి వాళ్లకి చెప్పమాకు" అన్నాడు కళ్లు మూసుకునే. "చెబితే నిన్ను కట్టు మార్చనివ్వరు."

కాలవ నీళ్లని తెలిస్తే సరైన మందు ఇస్తారేమోనని, అప్పటికే పొద్దున్నే డాక్టరమ్మకి చెప్పేశాను. కట్టు ఇక నర్సులే మారుస్తారట. ఆ మాట ఆయనకింకా తెలియదు.