పట్టుకొచ్చారు

మా నాయనమ్మ చెప్పిన కథను ఒక శనివారం మధ్యాహ్నం సింగపూర్‌లో, టోవా పాయోలోని మా ఫ్లాట్‌లో, నా దగ్గర చరిత్ర చదువుకునే అమ్మాయికి చెప్పాను. చెప్పకపోయి ఉంటే ఆ వారమంతా కుదురుగా గడిచేది.

రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు ఉద్యోగం మానేశాక ఒకరిద్దరికి పాఠాలు చెబుతున్నాను. ఈ అమ్మాయికి పదహారేళ్ళు. వీళ్ళ పూర్వీకులు మా ఉత్తరాంధ్ర తీరం నుంచే మలయా తోటల్లో కూలికి వచ్చారు. ఇప్పుడు వుడ్‌ల్యాండ్స్‌లో ఉంటున్నారు. ఇంట్లో ఇంకా ధారాళంగా తెలుగు మాట్లాడేది ముసలి తాతమ్మ ఒక్కతే. ఆమెతో మాట్లాడటం కోసం పిల్ల నా దగ్గర చరిత్రతో పాటు తెలుగూ నేర్చుకుంటోంది.

ఆ రోజు పాఠం అమెరికాలో ఉత్తరాదికీ దక్షిణాదికీ వచ్చిన తగువు. బానిసలు పారిపోయి ఉత్తరాదికి చేరితే వాళ్ళను పట్టి వెనక్కి అప్పగించాలని చట్టం చేశారు. ఎప్పుడూ తమ రాష్ట్రాల హక్కులంటూ వాదించే దక్షిణాది యజమానులు, ఈ ఒక్క విషయంలో ఉత్తరాది రాష్ట్రాల మాట చెల్లకూడదన్నారు. అంతవరకూ బానిసత్వం ఎక్కడో దూరాన ఉందనుకున్న ఉత్తరాది జనం, తమ వీధిలోనే మనిషిని కట్టి తీసుకుపోతుంటే చూడవలసి వచ్చింది. ఇదంతా నేను బాగానే చెప్పాను. ఆ యజమానులు బానిసలను 'మా ఇంటి మనుషులు' అని చెప్పుకునేవారని ఆమె పుస్తకంలో చదివి నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

"అన్నిచోట్లా అది అబద్ధం కాదు" అన్నాను. మా ఇంటి సంగతి చెప్పాను. మా వంశానికి కొన్ని ఊళ్ళు ఉండేవి. తరతరాలుగా మా పొలాలు చేసేవాళ్ళను కంబారులనేవారు. తాత చేసిన చాకిరీ తండ్రీ, తండ్రి చేసింది కొడుకూ చేసేవారు. ఒక ఏడు ఒక కంబారి ఓడెక్కడానికి రేవుకు వెళ్ళిపోయాడు. మా తాతగారు జ్వరంతో ఉండి కూడా గుర్రమెక్కి వెళ్ళి వాణ్ణి పట్టుకొచ్చారు. వాడంటే ఆయనకు అంత ప్రాణం. ఈ మాట దగ్గర మా నాయనమ్మకు ప్రతిసారీ కళ్ళు చెమర్చేవి.

అమ్మాయి పుస్తకంలో ఏదో రాసుకుంది. చూస్తే 'బంధించి తెచ్చారు' అని అర్థం వచ్చేలా ఇంగ్లీషులో ఉంది.

"అలా కాదు. మా వైపు పట్టుకురావడమంటే తీసుకురావడమే. గొడుగు పట్టుకురా, మంచినీళ్ళు పట్టుకురా అంటాం."

"కానీ ఆంటీ, గొడుగు పారిపోదు కదా."

"వాడూ పారిపోలేదు. వెళ్ళాడు."

"చెప్పి వెళ్ళాడా?"

నేను పాఠంలో పేజీ తిప్పాను.

"మీ గ్రాండ్‌ఫాదర్ అడిగారా, కమింగ్ బ్యాక్ ఇష్టమేనా అని?"

"మా తాతగారు ఎవరినీ అడిగే మనిషి కాదు."

గర్వంగానే అన్నాను. అన్న తరువాత ఆ మాట నాకే మరోలా వినిపించింది.

"అయ్యో ఆంటీ, ఇది అదే కదా. ఫ్యుజిటివ్ స్లేవ్ లా, లా!" అని, చట్టం 'లా' పక్కన ఇక్కడి వాళ్ళ ఊతపదం 'లా' తగిలించి, తన మాటకు తనే పకపకా నవ్వింది.

"బానిసను సంతలో అమ్ముతారు. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ అమ్మలేదు" అన్నాను. అది నిజం. ఇప్పటికీ ఆ తేడా తేడానే అంటాను.

"ఓకే, ఓకే, సేమ్ కాదు. పరిగెత్తడం మాత్రం సేమ్."

పాఠం ఇరవై నిమిషాల ముందే ముగించాను.

నా చిరాకుకు ఇంకో కారణం ఉంది. మా పెదనాన్నగారి అబ్బాయి వంశ చరిత్ర అచ్చు వేయిస్తున్నాడు. భూములు పోయాయి, మేడ పోయింది, నేను పుట్టేనాటికి మేం అద్దె వాటాలో ఉన్నాం. మిగిలేది ఈ పుస్తకమే. అందులో తాతగారి అధ్యాయం నా వంతు. 'మా కంబారులు మా ఇంటి మనుషులు. ఒక్కరూ మమ్మల్ని విడిచి వెళ్ళలేదు' అని నేను అప్పటికే రాసి పెట్టాను. వచ్చే ఆదివారంలోగా పంపాలి.

ఒక్కరూ వెళ్ళకపోతే తాతగారు రేవుకు ఎందుకు వెళ్ళినట్టు? ఇన్నేళ్ళుగా ఆ రెండూ నా నోటనే ఉన్నాయి. ఎన్నడూ ఒకదాన్నొకటి తాకలేదు. ఆ వాక్యం కొట్టేశాను, మళ్ళీ రాశాను. ఇంట్లో కూర్చోలేక బ్లాకుల చుట్టూ తిరిగాను. సూపర్ మార్కెట్‌కు వెళ్ళి ఏమీ కొనకుండా వచ్చాను. బుధవారం ఉదయం అమ్మాయికి మెసేజ్ పెట్టి, సాయంత్రం రైలెక్కి వుడ్‌ల్యాండ్స్ వెళ్ళాను. వాళ్ళ తాతమ్మను చూడాలనిపించింది. వాళ్ళవాళ్ళు ఇష్టపడే వెళ్ళారని, కడుపు నిండక వెళ్ళారని, ఏదో ఒకటి ఆమె నోట వినాలని ఉంది.

ఆమెకు ఎనభై దాటాయి. బ్లాకు కింద ఖాళీ జాగాలో, రాతిబల్ల దగ్గర మునిమనవరాలితో కూర్చుని ఉంది. నేను వెళ్ళి నిలబడ్డాను. ఆమె లేవలేదు. లేస్తుందని నేను ఎదురుచూశానన్న సంగతి అప్పుడే నాకు తెలిసింది.

"కూకో అమ్మా. నీకోసం సోప్ సేసి ఎట్టినాను" అని, చోటు పట్టి ఉంచినట్టు గుర్తుగా పక్క పీట మీద పెట్టిన టిష్యూ ప్యాకెట్ తీసింది. "మకాన్ అయిందా?"

తిన్నానని చెప్పి కూర్చున్నాను. ఏ ఊరని అడిగింది. చెప్పాను.

"దొరలా?"

"అవును."

"ఓ" అంది. అంతే. నేను ఆ మాట చెప్పినప్పుడు ఇంత చిన్న జవాబు ఎన్నడూ రాలేదు.

మీ నాన్న ఈ దేశం ఎలా వచ్చాడని అడిగాను.

"కుప్పలు నూర్సిన్రోజున ఎల్లిపోనాడంట. అందరూ కళ్ళంలో ఉంతారు గదా. ఓడ కాడ పేర్లు రాస్తారు. అక్కడ పేరు మార్సీసినాడు. ఇంటిపేరూ మార్సీసినాడు. దొరోల మనిసి ఎతుక్కుంతా వొస్తే, ఆ పేరుగలోడు ఓడలో నేడు."

"కొట్టేవారా ఊళ్ళో?"

"కొట్టినారనీ సెప్పనేదు, కొట్టనేదనీ సెప్పనేదు. ఎనక్కి మాత్రం ఎల్లనన్నాడు."

అమ్మాయి కళ్ళు పెద్దవి చేసింది. "సో మన సర్‌నేమ్ ఫేక్ ఆ, తాతమ్మా?"

"ఫేకు ఏటే? మా అయ్య సొంతంగా ఎట్టుకున్నాడు. ఇంకెవులు ఎట్టుకున్నారు అలాగ?"

పాత ఇంటిపేరేమిటని అడిగాను. తమకూ చెప్పలేదంది. నేను ఈ ఊళ్ళో ముప్ఫై ఏళ్ళుగా, తెలిసినవాడు ఒక్కడు లేకపోయినా, పేరుకు ముందు ఇంటిపేరు చెప్పే మనిషిని.

ఇంటికి వచ్చి, నిలబడే టైపు చేశాను. 'ఒక్కరూ విడిచి వెళ్ళలేదు' తీసేశాను. 'పారిపోయిన కంబారిని తాతగారు రేవు దాకా వెంబడించి బలవంతాన వెనక్కి తెచ్చారు' అని రాసి పంపాను. గంటలో అన్నయ్య ఫోన్ చేశాడు.

"ఏమ్మా, మతి ఉండే రాశావా? ఇది వంశ చరిత్రా, పోలీసు రిపోర్టా?"

"జరిగింది అదే, అన్నయ్యా."

"నీకెవరు చెప్పారు?"

"నాయనమ్మ. నీకూ చెప్పింది."

"సరే, అయితే వాడి పేరు రాయి. పేరూ ఊరూ లేనివాడి కోసం తాతగారికి మచ్చ పెడతావా? ఆదివారంలోగా పేరు తెస్తే వేస్తాను. లేదా పాత వాక్యమే ఉంటుంది."

నేను ఆ కథ కనీసం వందసార్లు విన్నాను. గుర్రం ఎర్రదనీ, నుదుట తెల్ల మచ్చ ఉందనీ తెలుసు. జ్వరం ఎన్నో రోజో తెలుసు. అతని పేరు తెలియదు. తాతగారి నోట ఆ కథ విన్నవాళ్ళలో మిగిలింది మా మేనత్త ఒక్కతే. తొంభై దాటినా జ్ఞాపకం చెక్కుచెదరలేదు. ఫోన్ చేశాను. రేవు అనగానే జ్వరం దగ్గర మొదలుపెట్టి చెప్పుకుపోతోంది.

"అత్తయ్యా, నాకు పేరు కావాలి. ఆయన పేరు." వాడి పేరు అనబోయాను. నోట అలా వచ్చింది.

"ఎవరి పేరే?"

"ఆయనే, రేవు నుంచి వచ్చినాయన."

"రేవు నుంచి వచ్చింది మా నాన్నగారు కదే! సొంత తాత పేరు మరిచిపోయావా? ఆ దేశంలో ఏం గడ్డి తింటున్నావే?" అని తాతగారి పేరు ఇంటిపేరుతో సహా విడమరిచి చెప్పి, రాసుకోమంది.

"ఇంకొకాయన, అత్తయ్యా. గుర్రం వెనక నడిచి వచ్చినాయన."

"ఓ, వాడా" అంది. చాలాసేపు ఆలోచించింది. "పేరు ఉండే ఉంటుందే. మనం పిలవలేదు."

అన్నయ్యకు ఆ మాటే రాశాను. పేరు ఉండేది, మనం పిలవలేదు, ఇదే అచ్చు వెయ్యి, లేకపోతే నా అధ్యాయం మొత్తం తీసెయ్యి అన్నాను. ఆదివారం వచ్చి వెళ్ళిపోయింది. అన్నయ్య దగ్గర నుంచి ఇంకా జవాబు లేదు.