నొప్పి ఎప్పుడు మొదలైంది

చాలా ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్న మాటే. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

శామీర్‌పేట దగ్గర మా ఊరు మున్సిపాలిటీలో కలవకముందు జరిగిన చివరి సర్పంచ్ ఎన్నికలో నేను నిలబడ్డాను. నా తమ్ముడు నా పోలింగ్ ఏజెంటు. ఊళ్లో ఎవరిని చూసినా ఇంటిపేరుతో సహా గుర్తుపడతాడు. దొంగ ఓట్లు ఆపాలంటే వాడే కూర్చోవాలి. అంతకుముందు వారమంతా వాడికి వైరల్ జ్వరం. తగ్గింది గానీ మనిషి ఇంకా తేరుకోలేదు.

పోలింగ్ మొదలయ్యే ముందు బడి గేటు దగ్గర నన్ను పక్కకు పిలిచాడు.

"అన్నా, ఛాతీల పట్టేసినట్టు అయితాంది. ఎడమ చెయ్యి గుంజుతాంది. జెర దవాఖానకు పోయొస్త."

"జరమొచ్చి లేసినవ్ గదరా, నీరసం గది. గీ ఒక్క పూట ఓర్సుకో. నువ్వు లేస్తే ఆల్లు దొంగోట్లు గుద్దుకుంటరు."

తలూపి లోపలికి వెళ్లాడు. నాకు నిజంగా అది నీరసమే అనిపించిందా? లేదు. వాడి పెదవులు పాలిపోవడం చూశాను, ఆ చలిలో చెమట పట్టడం చూశాను, చూసి కూడా ఓటర్ల లిస్టు వాడి చేతిలో పెట్టాను. నాకు గెలవాలని ఉంది. అంతే.

ఒంటిగంటకు పోలింగ్ ముగిసింది. వాడు బెంచీ మీద నుంచి లేవలేకపోయాడు. కారులో మేడ్చల్ తీసుకెళ్లాం. నొప్పి ఎప్పుడు మొదలైందని డాక్టరు అడిగారు. నా వెనకే మా నాయిన నిలబడి ఉన్నాడు. ఆయన వింటుండగా నేనే జవాబిచ్చాను.

"ఇప్పుడే సార్. అర్ధగంట అయితాంది."

జ్వరం తెచ్చిన వైరస్ వల్ల గుండె కండరం వాచిందని, దాంతోపాటే రక్తనాళం మూసుకుపోయి గుండెపోటూ వచ్చిందని తర్వాత చెప్పారు. రెండూ ఒకేసారి. పొద్దున్నే తెచ్చి ఉంటే ఇంత దెబ్బతినేది కాదా అని నేను అడగలేదు. ఏ ముఖం పెట్టుకుని అడగను?

గెలిచాను. ఇప్పుడు ఆ పదవే లేదు. వాడి గుండె మాత్రం సగమే పనిచేస్తోంది. నాలుగు మెట్లెక్కి ఆగుతాడు. ఇంటికెవరొచ్చినా "మా అన్న జల్దీ తోల్కపోయిండు, గందుకే బతికిన" అంటాడు. ఆ రోజు స్ట్రెచర్ మీద వాడికి స్పృహ ఉంది. నా మాట వినే ఉంటాడు. మరి ఎందుకలా అంటాడు? నన్ను కాపాడుతున్నాడా, ప్రతిసారీ గుర్తు చేస్తున్నాడా? అడిగే ధైర్యం లేదు.

క్షమించమనడం లేదు. ఇది రాస్తుంటే ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది, దానికీ సిగ్గుగానే ఉంది. ఆ రోజు ఇవ్వవలసిన జవాబు ఇదీ: నొప్పి పొద్దున ఏడు కాకముందే మొదలైంది. నాకు తెలుసు.