స్టాంపు మనది, బొమ్మ ఆళ్ళది

మా ఢిల్లేశ్వరరావు మావ అడక్కుండా ఏదీ ముట్టుకోడు. కాశీబుగ్గ బస్టాండులో ఖాళీ బెంచీ మీద కూర్చోవాలన్నా పక్క బెంచీ వాణ్ణి అడుగుతాడు. తన కంచంలో అప్పడం విరవడానికి కూడా పెళ్ళాం మొహం కేసి చూస్తాడని మా అత్తే చెప్పి నవ్వేది.

ఆయనకి స్టాంపుల పిచ్చి. రెండువేల నాలుగులో నేను పలాసలో నెట్ సెంటర్ పెట్టగానే పెట్టెడు స్టాంపులు మోసుకొచ్చి, లోకమంతా చూసేలా వెబ్‌సైటు కట్టమన్నాడు. నేను సంబరంగా స్కానర్ మూత ఎత్తాను.

"అడిగేవా?" అన్నాడు.

"ఎవర్ని మావా? డబ్బిచ్చి కొన్నవే కదా."

"స్టాంపు మనది రా. బొమ్మ ఆళ్ళది. ఆళ్ళనడక్కుండా ఊరందరికీ పంచేత్తే ఎలాగ?"

తపాలా శాఖకి ఉత్తరం రాశాడు. విదేశీ స్టాంపులకి ఆయా దేశాలకీ రాశాడు. ఎవరూ పలకలేదు. సైటు నిండా ఖాళీ గళ్ళే. ప్రతి గడిలోనూ "అడిగాం, చెప్తారు" అని రాయించాడు. బొమ్మల్లేని స్టాంపుల సైటు ఈ భూమ్మీద మాదొక్కటే అయ్యుంటుంది.

నా పరువు పోతోందని గొడవపడితే, మొదటి పేజీకి మాత్రం ఒక బొమ్మ ఒప్పుకున్నాడు. మా వీధికి ఎండుచేపలు తెచ్చే నీలమ్మది సంతబొమ్మాళి వైపు సముద్రపొడ్డు. పడవలు భలే గీస్తుంది. ఆమె చేత స్టాంపులాంటి బొమ్మ గీయించాడు. చుట్టూ స్టాంపుకుండే రంపప్పళ్ళ అంచు, మధ్యలో పడవ. పడవ మీద "సోములు" అని నాచేత రాయించుకుంది. పోయిన మొగుడి పేరు. నెట్‌లో పెట్టొచ్చా అని మావ అడిగితే, దానికి కూడా అడగడమేటి బాబూ అని నవ్వింది. "పెట్టుకో" అని నోటితో అనేదాకా ఈయన ఆమె గంప నెత్తికెత్తలేదు.

కొత్త సంవత్సరానికి ఊళ్ళో ఒక జీడిపప్పు వ్యాపారి కేలండర్లు పంచాడు. చూస్తే అదే పడవ! సోములు పేరు చెరిపేసి తన దుకాణం పేరు వేయించుకున్నాడు. మా గోడ మీది కేలండర్ చూసి, పడవ మీది పేరు నీలమ్మ నాచేత చదివించుకుంది. చేపలమ్మకుండానే వెళ్ళిపోయింది.

మావ తిన్నగా ఆ దుకాణానికి పోయాడు. జన్మలో మొదటిసారి, ఎవర్నీ అడక్కుండా, మిగిలిన కేలండర్ల కట్ట లాక్కుని చంకన పెట్టుకున్నాడు. వ్యాపారి లబలబలాడాడు. నెట్‌లో ఉన్నది అందరిదీ కాదా అన్నాడు.

"అడిగేవా?" అన్నాడు మావ. అక్కడే కుర్చీలో కూలబడి, పప్పు కొనడానికొచ్చిన ప్రతివాడి ఎదుటా సాయంత్రందాకా ఆ ఒక్క ముక్కే అన్నాడు.

మర్నాడు వ్యాపారి ఆటో కట్టించుకుని నీలమ్మ ఊరెళ్ళాడు. వెనకాలే మేమూ వెళ్ళాం. సోములు పేరు మళ్ళీ వేయిస్తాను, బొమ్మ వాడుకోనియ్యమ్మా అని ఇసకలో నిలబడి అడిగాడు. పాపం, పెళ్ళి కూడా నీలమ్మని అడిగి చేసింది కాదట. బాగుచేస్తున్న వలకి ముడి బిగించి తలెత్తింది.

"పున్నమెల్లేక రా బాబూ," అంది చివరికి. "ఆలోసించి సెప్తాను."

మా మావ మొహం చూడాలి, తపాలా శాఖ నుంచి జవాబొచ్చినంత సంతోషం!

పున్నమి వెళ్ళాక ఒప్పుకుంది లెండి. అప్పటిదాకా ఆ దుకాణంలో వేలాడిన కేలండర్ మీద, పడవ కనబడకుండా, మావ తెల్లకాగితం అతికించాడు. దాని మీద "అడిగాం, చెప్తారు" అని ఉండేది.