పసుపు విమానం ముందు పెద్దమ్మ

ఆ రోజుల్లో ఒక ఫోటో తీయాలంటే ముందు ఆలోచించేవాళ్లం, తీశాక వారం రోజులు ఎదురుచూసేవాళ్లం. ఇప్పుడు ఆ రెండూ లేవు (మా పిల్లలు పొద్దున తినే ఉప్మాను కూడా నాలుగు వైపుల నుంచి తీస్తున్నారు). రీలుకు ముప్పై ఆరు ఫోటోలు, అందులో ఇంటిల్లిపాదికీ వాటా. పైగా మా జహనుమా బస్తీలో ఒక కట్టుబాటు ఉండేది. మనిషి లేని ఫోటో దండగ. కోటను తీసినా, కొండను తీసినా దాని ముందు మనవాళ్లెవరో ఒకరు చేతులు కట్టుకుని నిలబడాలి. లేకపోతే స్టూడియోవాడు కూడా "ఇదేందన్నా, గలతీల నొక్కినవా?" అని అడిగి, ఆ ఒక్కటి ప్రింటు వేయకుండా వదిలేసేవాడు.

నాకప్పుడు ఇరవై ఏళ్లు. ఫలక్‌నుమాలో ఒక లేత్ వర్క్‌షాపులో పని నేర్చుకుంటున్నాను. చేతుల నిండా గ్రీసు, తల నిండా విమానాలు. అవీ కొత్తవి కావు, యుద్ధకాలం నాటి పాత సైనిక విమానాలు. పాత పత్రికల్లోంచి వాటి బొమ్మలు కత్తిరించి ట్రంకుపెట్టె మూతకు లోపలివైపు అతికించుకునేవాణ్ణి. అలాంటి నాకు, మన ఊళ్లోనే విమానాల ప్రదర్శన పెడుతున్నారనీ, రెండు వరసల రెక్కలున్న పాత పసుపు విమానం ఒకటి వస్తోందనీ తెలిసింది. ఇక అన్నం సహించలేదు. నా కోరిక ఒక్కటే. ముక్కు నుంచి తోక దాకా, తోక దగ్గరి నంబరుతో సహా, ఆ విమానాన్ని నా చేత్తో ఒక్క పూర్తి ఫోటో తీయాలి. కెమెరా పెదనాన్నది. పెద్దమ్మను వెంట తీసుకుపోవాలన్న షరతు మీద ఇచ్చాడు. పెద్దమ్మ పక్కింటి ఖాలాను వెంట తెచ్చుకుంది (ఖాలా అంటే పిన్ని, ఆమెను మా ఇంట్లో అందరూ అలాగే పిలిచేవారు, పెదనాన్నతో సహా).

పెద్దమ్మ ఏటా నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు పోయి, అట్టతో చేసిన విమానం కిటికీలోంచి తల బయటపెట్టి ఫోటో దిగే మనిషి. ఆమె లెక్కలో విమానమంటే ఫోటో వెనక ఉండే పరదా. పట్టుచీర కట్టుకుని, కొప్పులో ఇన్ని మల్లెపూలు పెట్టుకుని, తిన్నగా వెళ్లి ఆ పసుపు విమానం తోక ముందు నిలబడింది. మనిషి కొంచెం భారీ. తోక మాయమైంది.

"పెద్దమ్మా, జర్ర పక్కకు జరుగు. ఇమానం ఒక్కటే తీస్త," అన్నాను.

"ఒక్క ఇమానాన్ని తీసి ఏం జేస్తవ్ బిడ్డా? అదేమన్న మన సుట్టమా?" అంది. "అట్టదాని ముంగటనే మస్తుగ వచ్చిన. గిది అసలుది. ఇడుస్తనా?"

నేను ఎడమకు జరిగితే, తనను బాగా చూపించడానికే జరుగుతున్నాననుకుని ఆమె కూడా అటే జరిగేది. ఆమె తర్వాత ఖాలా వంతు. "బేటా, నాది అలగ్ ఒకటి తియ్. మల్ల అక్కతోని కలిసి ఒకటి," అని, టిఫిన్ డబ్బాను జాగ్రత్తగా గడ్డిమీద పెట్టి వచ్చి నిలబడింది. ఇద్దరూ కలిసి నిలబడినప్పుడు విమానం ఉందని ఒట్టేసి చెప్పుకోవాల్సిందే.

అక్కడితో అయిపోయినా బాగుండేది. మా వాలకం చూసి వెనక ఒక కుటుంబం వరస కట్టింది. నన్ను ప్రదర్శనవాళ్లు పెట్టిన ఫోటోగ్రాఫర్ అనుకున్నారు పాపం. కాదని నేను చెప్పేలోపే పెద్దమ్మ వాళ్లను పిలిచేసింది. "రారి, రారి, మా పోరడే. తీస్తడు. కాయిదం మీద పతా రాసియ్యుర్రి, పోస్టుల పంపుతడు." కొత్త దంపతులు వచ్చారు. ముగ్గురు పిల్లల్ని భుజాలకూ చంకకూ ఎత్తుకుని ఒక తండ్రి వచ్చాడు. పెద్దమ్మ వాళ్లందరినీ సర్ది, కొంగులు సవరించి, నవ్వమని గదిమి నిలబెట్టింది. రీలు అయిపోతుంటే నాకు ఏడుపొక్కటే తక్కువ.

చివరికి ఒక్క ఫోటో మిగిలింది. ఇక ఎవరొచ్చినా తీసేది లేదని గట్టిగా అనుకుని కెమెరా ఎత్తాను. అప్పుడు, పొద్దుటి నుంచి ఆ విమానానికి కాపలా ఉన్న సైనికుడు దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగాడు. "భాయ్‌సాబ్, మేరీ భీ ఏక్. మా కో భేజ్‌నా హై." ఊళ్లో ఉన్న తల్లికి పంపుకుంటాడట. నేను పెద్దమ్మ వైపు చూశాను. ఆమె అప్పటికే అడ్రసు రాయమని అతని చేతికి కాగితం ఇస్తోంది. సైనికుడు వెళ్లి నిటారుగా నిలబడ్డాడు, సరిగ్గా నంబరు ముందే. నొక్కేశాను.

బస్సులో ఇంటిదాకా మొహం మాడ్చుకుని కూర్చున్నాను. మూడు రోజులు పెద్దమ్మతో మాట్లాడలేదు (నాలుగో రోజు తలకాయకూర వండింది, మాట్లాడాను). ఒక్కో కాపీ నా దగ్గర ఉంచుకుని అందరి ఫోటోలూ పోస్టులో పంపించాను, సైనికుడి తల్లికి అందరికంటే ముందు.

ఇన్నేళ్ల తర్వాత, నిరుడు ఒక వాట్సాప్ గ్రూపులో చేరాను. ప్రదర్శనల్లో తీసిన పాత సైనిక విమానాల ఫోటోలు పంచుకునే పెద్దమనుషుల గ్రూపు అది. విమానాల మరమ్మతు పనిలో రిటైరైన ఒకాయన దానికి పెద్ద, అందరూ ఇంజన్ తాత అంటారు. ఒకనాడు ఆయన పసుపు విమానం సంగతి ఎత్తితే, నా దగ్గర ఫోటోలున్నాయని గొప్పలకు పోయాను. పెట్టమన్నారు. తప్పలేదు, పన్నెండు పెట్టాను. అందరూ గంటసేపు వాటిని పెద్దవి చేసి, చిన్నవి చేసి చూశారు. తర్వాత ఒకాయన, "విమానం ఎక్కడుందండీ?" అని మర్యాదగా అడిగాడు.

ఇంజన్ తాత మాత్రం వదల్లేదు. రెండో ఫోటోలో పెద్దావిడ కొప్పు పక్కన ఏదో అక్షరం కనిపిస్తోందన్నాడు. ఇంకొకాయన ఖాలా భుజం మీద ఒక అంకె పట్టాడు. చంకలోని పిల్లాడి మోచేతి కింద మరొకటి దొరికింది. సాయంత్రానికి నంబరు మొత్తం తేలింది. ఆ నంబరు పట్టుకుని తాత తన పెట్టెలు వెతికి, మర్నాడు ఒక ఫోటో పంపాడు. అదే ప్రదర్శన, అదే రోజు, విమానానికి అవతలి పక్క నుంచి తీసింది. ముక్కు, రెక్కలు, తోక, నంబరు, అన్నీ ఉన్నాయి, ముందు ఒక్క మనిషి లేడు. నేను కోరుకున్న ఫోటో అచ్చం అదే. వేలితో పెద్దది చేసి చూస్తే, తోకకు ఆవల కాస్త దూరంలో ఒక బక్క కుర్రాడు, మెడలో కెమెరా, నోరు తెరిచి రెండు చేతులూ ఊపుతున్నాడు. నన్ను నేను గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది (అప్పట్లో నేనెంతో మురిసిపోయిన మీసం ఫోటోలో కనిపించనే లేదు).

ఆ ఆదివారమే లాల్‌దర్వాజాలో కూతురి దగ్గరుంటున్న పెద్దమ్మ దగ్గరికి పోయి ఫోన్ చేతికిచ్చాను. "సూడు పెద్దమ్మా, ఇమానం మొత్తమొచ్చింది."

ఆమె కళ్లద్దాలు సర్దుకుని, విమానాన్ని దాటి, ఆ కుర్రాడి దగ్గర ఆగింది. చాలాసేపు చూసింది. "ఎంత బక్కగుంటివి బిడ్డా. మరి నేనేడున్న?"

"నువ్వు ఇమానం అవుతల ఉన్నవు. కనబడవు."

"గదే అంటున్న. ఇమానం అడ్డమొచ్చింది," అంది, పాపం దాని తప్పేం లేదులే అన్నట్టు.

ఫోన్ తీసుకుని నేనూ మళ్లీ చూశాను. కుర్రాడు ఇంకా ఆమెను పక్కకు జరగమని చేతులు ఊపుతూనే ఉన్నాడు. ఆమె జరగనందుకు నేనిప్పుడు ఎంత సంతోషంగా ఉన్నానో వాడికి చెప్పే దారి లేదు.